రైతు కుటుంబం వంశవృక్షం కట్టాలంటే ఇంటిపేరు వెంట కాదు, పొలం వెంట వెళ్ళండి

మనలో చాలామందికి తాత పేరు తెలుసు, ముత్తాత పేరు ఇంట్లో పెద్దవాళ్ళని అడిగితే చెప్తారు, ఇంకొక్క తరం పైకి వెళ్దామంటే ఎవరి దగ్గరా సమాధానం ఉండదు. రాజులకి శాసనాలున్నాయి, జమీందార్లకి వంశావళి రాసిపెట్టిన పండితులున్నారు, దున్నుకుని బతికిన మనకేముంటాయిలే అని అక్కడితో వదిలేస్తాం. ఈ మాట నేను అస్సలు ఒప్పుకోను. రైతు శిస్తు కట్టాడు, కాబట్టి ఈస్టిండియా కంపెనీ అయినా నిజాం అయినా ఏ చేను ఎవరి పేరు మీద ఉంది, ఆ మనిషి పోయాక ఎవరి పేరుకి మారింది అనేది రాసుకోక తప్పలేదు, ఆ రాతల్లో చాలావరకు ఇవాళ్టికీ ఏదో ఒక ఆఫీసులో మూటకట్టి ఉన్నాయి. మన తాతలకి చదువు రాకపోయినా వాళ్ళ పేర్లు మాత్రం కాగితం మీద ఉన్నాయి.

అందుకే ఈ పని మొదలుపెడతానన్న ప్రతివాళ్ళకీ నేను చెప్పేది ఒకటే, ఇంటిపేరు వెంట పడకండి, పొలం వెంట వెళ్ళండి. ఒకే ఇంటిపేరు వాళ్ళు ఎన్నో ఊళ్ళలో ఉంటారు, అందరూ మీవాళ్ళే అవ్వాలని లేదు, పైగా పాత రిజిస్టర్లలో చాలాచోట్ల ఇంటిపేరే రాయరు, ఉన్నా పొడక్షరం ఒకటి పడేసి ఊరుకుంటారు. సర్వే నంబరు అట్లా కాదు. ఆ నంబర్లో ఇప్పుడు మీ నాన్న పేరుంటే, దానికి ముందు తాత పేరు, దానికి ముందు ఆయన తండ్రి పేరు, లేదా ఆ చేను ఎవరి దగ్గర కొన్నారో వాళ్ళ పేరు, ఇట్లా ఒక్కో అడుగూ వెనక్కి పోవచ్చు. సొంత భూమి లేకుండా కౌలుకి చేసినవాళ్ళ కుటుంబం అయినా నిరాశ పడక్కర్లేదు, ఏ చేను ఎవరు సాగు చేస్తున్నారో ఏటేటా రాసే లెక్కని ఆంధ్రలో అడంగల్, తెలంగాణలో పహాణీ అంటారు, అందులో పట్టాదారు కాలమ్ పక్కనే అనుభవదారు, అంటే సాగు చేస్తున్నవాళ్ళ కాలమ్ ఉంటుంది, వాళ్ళ పేర్లు అందులో వెతకాలి.

కాగితాలు ఎక్కడికీ పోవు, ఇంకో ఆర్నెల్లు ఆగినా ఉంటాయి. ఎనభై దాటిన పెద్దవాళ్ళ విషయంలో ఆ ధీమా పెట్టుకోకండి, ముందు వాళ్ళ దగ్గరికే వెళ్ళండి. అందులోనూ ముందు ఆడవాళ్ళ దగ్గరికి. మగవాళ్ళు తమ తండ్రి వైపు చెప్తారు, ఆస్తి గొడవలు చెప్తారు, ఆడవాళ్ళు అటు పుట్టిల్లు ఇటు అత్తిల్లు రెండూ చెప్తారు, ఎవరికి ఎంతమంది పుట్టారు ఎంతమంది పోయారు, ఎవర్ని ఏ ఊరు ఇచ్చారు, ఇవన్నీ వాళ్ళకే గుర్తుంటాయి.

అడిగే పద్ధతి మీద చాలా ఉంటుంది. "నాయనమ్మా, మన వంశం గురించి చెప్పవే" అంటే ఆవిడ నాకేం తెలుసురా అని తీసిపారేస్తుంది. అదే "నువ్వు కాపురానికొచ్చినప్పుడు ఇంట్లో ఎవరెవరున్నారు, నీకు మొదట వంట అప్పజెప్పింది ఎవరు, మీ అత్తకి అత్త అప్పటికి ఉందా" అని అడిగి చూడండి, వరసగా మనుషులు బయటికొస్తారు. తర్వాత పొలాల పేర్లు అడగండి. రైతుల ఇళ్ళల్లో ప్రతి చేనుకీ ఒక పేరుంటుంది, చింతమాను చేను, దిబ్బ చేను, బావి కాడ మడి, ఫలానా వాళ్ళ చేను అని. ఆ పేరు ఎందుకొచ్చింది, అది కొన్నదా, తాతలనాటిదా, ఆడపిల్లకి పసుపు కుంకుమ కింద ఇచ్చిందా అని ఒక్కో చేనుకీ విడిగా అడగండి. తర్వాత మీరు రికార్డులు తీసేటప్పుడు ఏ సర్వే నంబరు మీద ఎక్కువ టైం పెట్టాలో ఈ సమాధానాలే చెప్తాయి, ఎందుకంటే కొన్న చేను రికార్డు వెనక్కి లాగితే వేరేవాళ్ళ వంశం వస్తుంది, తాతలనాటి చేను లాగితేనే మన వంశం వస్తుంది.

తెలంగాణ వైపు అయితే పెత్రమాసకి (పెద్దల అమావాస్యకి) బియ్యం ఇచ్చేటప్పుడు ఎవరెవరి పేర్లు చెప్పేవాళ్ళో అడగండి, తద్దినాలు పెట్టే ఇళ్ళల్లో మూడు తరాల పేర్లు చెప్పడం ఉంది కాబట్టి ఆ పేర్లు ఎవరికో ఒకరికి నోటికొచ్చి ఉంటాయి, పురోహితుడి దగ్గర తిథులు రాసుకున్న పుస్తకం కూడా ఉండొచ్చు. మైల సంగతి కూడా అడగండి. ఎవరు పోతే మనకి పూర్తి మైల, ఎవరికి పురుడొస్తే మనం పట్టేవాళ్ళం అంటే చాలు, ఏ కొమ్మ మన దాయాదులదో బయటపడుతుంది, మధ్యలో ఉన్న పేర్లు మర్చిపోయినా సరే ఈ సంగతి మాత్రం ఎవరూ మర్చిపోరు. అలాగే వరసలు. ఒక ముసలాయన్ని మీ తాత "చిన్నాయనా" అని పిలిచేవాడంటే ఆయన మీ ముత్తాతకి తమ్ముడో, తమ్ముడి వరసో, "మామా" అంటే అటు వైపు సంబంధం. ఊరి వరసలు కూడా కలుస్తాయి కాబట్టి సొంత వరసా ఊరి వరసా అని ఒకసారి కనుక్కోండి.

ఇద్దరు ముసలివాళ్ళని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడిస్తే ఇంకా మంచిది, ఒకరు తప్పు చెప్తే రెండోవాళ్ళు ఊరుకోరు. ఫోన్లో రికార్డు చేసుకోండి, కానీ ముందు చెప్పి చేయండి. మాట్లాడేటప్పుడు మధ్యలో మీరు సరిదిద్దకండి. ఒకే సంగతి రెండుసార్లు రెండు రకాలుగా చెప్పినా రెండూ రాసుకోండి, ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు అనేది పక్కనే రాయండి.

సంవత్సరాలు అడిగితే ఎవరూ చెప్పలేరు, సంఘటన అడిగితే చెప్తారు. రజాకార్ల గొడవప్పటికి నీకు పెళ్ళైందా, పోలీస్ యాక్షన్ అప్పుడు ఎవరు కడుపులో ఉన్నారు అంటే అది 1948 సెప్టెంబరు. సాగర్ కాలవకి నీళ్ళొచ్చింది 1967లో, దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. ఇంకా వెనక్కి వెళ్తే విషజ్వరాలొచ్చి ఊళ్ళు ఖాళీ అయిపోయాయంట అనే మాట ఒకటి వింటుంటాం, అది 1918 నాటి ఇన్‌ఫ్లూయెంజా అయ్యుండొచ్చు. గుంటూరు వైపు డొక్కల కరువు అంటే 1832-33, నందన నామ సంవత్సరం. రాయలసీమలో ధాత కరువు అంటే 1876-77. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తాయి కాబట్టి "మా తాత ధాతలో పుట్టాడు" అంటే అది 1876 కావచ్చు, 1936 కూడా కావచ్చు, ఆయన పిల్లల వయసు చూసి ఏదో తేల్చుకోవాలి. పాత దస్తావేజుల్లో కూడా తెలుగు సంవత్సరం, మాసం, తిథి ఉంటాయి, ఇంగ్లీషు తేదీ లేకపోతే ఇదే లెక్క.

ఇక ఇంట్లో ఉన్న కాగితాలు. అటక మీద ట్రంకు పెట్టె, బీరువా అడుగున ప్లాస్టిక్ కవరు, దేవుడి మూల ఉన్న గుడ్డ మూట, ఇవన్నీ చూడాలి. శిస్తు రసీదులు, నీటి తీరువా రసీదులు, పాత పట్టాదార్ పాస్‌బుక్కులు, తీరిపోయిన ప్రామిసరీ నోట్లు, సొసైటీ లోను కాగితాలు, శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, ఫోటోల వెనక రాతలు, దేన్నీ పారేయకండి. పెద్దకర్మ కార్డుని చాలామంది పట్టించుకోరు గానీ అందులో కొడుకులు కోడళ్ళు కూతుళ్ళు అల్లుళ్ళు మనవలు అందరి పేర్లూ వరసగా ఉంటాయి, తేదీతో సహా. చిరిగిన కాగితాలకి టేపు అంటించొద్దు, లామినేషన్ అసలే వద్దు, పగటి వెలుతురులో ఫోటో తీసి మళ్ళీ ఉన్నచోటే పెట్టేయండి.

ఈ మూటల్లో బంగారం లాంటిది భాగపంపకాల దస్తావేజు, పారీఖత్తు అని కూడా అంటారు. అన్నదమ్ములు వేరుపడేటప్పుడు రాసుకునే కాగితం కాబట్టి తండ్రి పేరు, కొడుకులందరి పేర్లు పుట్టిన వరసలో, చనిపోయిన అన్న ఉంటే ఆయన కొడుకుల పేర్లు, మైనర్లుంటే వాళ్ళ గార్డియన్ ఎవరు, తల్లికి మనోవర్తి కింద ఏం వదిలారు, అన్నీ అందులోనే ఉంటాయి. ఏ దస్తావేజు అయినా సరే మొదటి పేరా ఒక్కటే చదివి వదిలేయకండి. చివర్లో చెక్కుబందీ ఉంటుంది చూశారా, తూర్పున ఫలానా వాళ్ళ చేను, దక్షిణాన ఫలానా వాళ్ళది అని, ఆ హద్దుల్లో ఉన్న పేర్లు చాలాసార్లు దాయాదులవే, ఒకప్పుడు ఒకే చెక్క పంచుకున్నవాళ్ళు కదా పక్కపక్కనే ఉంటారు. సాక్షుల్లో బావమరుదులూ మేనమామలూ ఉంటారు. వేలిముద్ర పక్కన "నిశాని" అని ఉందో, సంతకం ఉందో చూస్తే ఆ మనిషికి చదువొచ్చో రాదో కూడా తెలుస్తుంది. పాత దస్తూరి గొలుసుకట్టు రాత, మాట మాటకీ మధ్య ఖాళీ ఉండదు, తెలుగు అంకెల్లో లెక్కలు ఉంటాయి, మొదట్లో ఒక్క ముక్క అర్థం కాదు. పాత దస్తావేజు లేఖర్లు కానీ కరణాల ఇళ్ళల్లో పెద్దవాళ్ళు కానీ గడగడా చదివేస్తారు, వాళ్ళ పక్కన కూర్చుని ఒకటి రెండు కాగితాలు చదివించుకుంటే తర్వాత మీ అంతట మీకే కన్ను అలవాటవుతుంది.

ఇంట్లో దొరక్కపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. ఈసీ, అంటే ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, అందరికీ తెలిసిందే, ఆన్‌లైన్లో 1983 నుంచి వస్తుంది, అంతకుముందువి ఆఫీసులో రిజిస్టర్లు వెతికించాలి. అక్కడ రెండు రకాల ఇండెక్సులు ఉంటాయి, ఒకటి మనుషుల పేర్ల మీద, ఒకటి ఊరూ సర్వే నంబరూ మీద. మీకు ఏ సంవత్సరమో సుమారుగా తెలిస్తే పని తొందరగా అవుతుంది, పెద్దవాళ్ళు "సాగర్ నీళ్ళొచ్చిన రెండేళ్ళకి వేరుపడ్డాం" అన్న మాట ఇక్కడ పనికొస్తుంది. స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో ఎక్కిస్తారు, ఫీజు కడితే అది ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. ఒకప్పుడు మీ ఊరు వేరే రిజిస్ట్రార్ ఆఫీసు కింద ఉండి ఉండొచ్చు, ముందే కనుక్కోండి.

ఇప్పుడు అసలైన రెవెన్యూ రికార్డులు. ఇక్కడ మీ ఊరు పాత మద్రాసు రాష్ట్రంలో ఉండేదా, నిజాం రాజ్యంలో ఉండేదా అన్నదాన్ని బట్టి దారి మారిపోతుంది.

ఆంధ్ర, రాయలసీమ ఊళ్ళకైతే ఇప్పటి వన్-బీ (ఖాతాదారు వారీ భూమి రికార్డు), అడంగల్ మీభూమి వెబ్‌సైట్లో చూసుకుని సర్వే నంబర్లు రాసుకోండి, అక్కణ్ణుంచి వెనక్కి పాత అడంగళ్ళు, పట్టాదారు వారీ లెక్క అయిన 10(1) అకౌంటు, దాని వెనక రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, అంటే ఆర్‌ఎస్‌ఆర్, దాన్నే కొందరు డైగ్లాట్ అంటారు, ఇంగ్లీషు తెలుగు రెండింట్లో ఉంటుంది కాబట్టి. రీసెటిల్‌మెంట్ (శిస్తు మళ్ళీ నిర్ణయించడం) జరిగిన నాటికి ఏ సర్వే నంబరు ఏ పట్టాదారుదో అందులో ఉంటుంది, చాలా ఊళ్ళకి అది స్వాతంత్ర్యం ముందు నాటిది. రీ-సర్వే అయిన ఊళ్ళలో ఇప్పుడు సర్వే నంబర్ల బదులు కొత్తగా ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి, వాటితో వెనక్కి పోలేరు, పాత సర్వే నంబరు ఏదో పట్టుకోవాలి. రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టిన రైత్వారీ ఊళ్ళకి ఈ దారి బాగా నడుస్తుంది. జమీందారీ ఊళ్ళలో మాత్రం రైతుల పట్టాలు జమీందారు ఇచ్చినవి, సర్కారు నేరుగా రైతు పేరు రాసుకోవడం 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే ఎక్కువ, అప్పుడు తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ మీకు మొదటి పెద్ద ఆధారం. అంతకుముందువి కావాలంటే ఆ ఎస్టేటు లెక్కలు ఎక్కడ చేరాయో వెతకాలి.

ఇనాం భూమి, అంటే శిస్తు లేకుండానో తక్కువ శిస్తుకో ఇచ్చిన మాన్యం ఉన్న కుటుంబం అయితే మీరు అదృష్టవంతులు. 1858లో వేసిన ఇనాం కమిషన్ ఆ తర్వాత కొన్నేళ్ళపాటు ఊరూరా విచారణ చేసి ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు రాసింది. ఆ ఇనాం మొదట ఎవరికిచ్చారు, తర్వాత ఎవరి పేరు మీద నమోదైంది, అప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, ఆయన వయసెంత, ముందువాళ్ళకి ఏమవుతాడు అనే కాలమ్‌లు ఉంటాయి. 1860ల్లో బతికున్న మనిషి వయసుతో సహా దొరకడం, ఆయన పైవాళ్ళ పేర్లు కూడా అదే లైన్లో ఉండటం, ఇంతకన్నా ఏం కావాలండీ.

తెలంగాణ ఊళ్ళకి వరస వేరు. ఇప్పటి భూభారతి (ప్రభుత్వ ఆన్‌లైన్ భూమి రికార్డు) నుంచి పాత పహాణీలకి, అక్కణ్ణుంచి 1955-58 మూడేళ్ళకి కలిపి రాసిన సేసాల పహాణీకి, దాని వెనక 1954-55 ఖాస్రా పహాణీకి వెళ్ళాలి. ఖాస్రాలో పట్టాదారు ఎవరు, కాస్తు (సాగు) చేస్తున్నది ఎవరు, ఆ చేను ఎట్లా వచ్చింది అనేది ఉంటుంది, అందుకే కోర్టుల్లో కూడా దానికి అంత విలువ. దానికీ వెనక సేత్వార్, సర్వే సెటిల్‌మెంట్ అయినప్పుడు రాసింది, మీ ముత్తాత తండ్రి పేరు దొరికితే ఇక్కడే దొరుకుతుంది. కౌలు కుటుంబాలకి 1950 టెనెన్సీ చట్టం కింద రాసిన రక్షిత కౌలుదార్ల రిజిస్టరు ఉంది. ఇవి కాక విరాసత్ ఫైళ్ళు, అంటే పట్టాదారు పోయాక వారసుల పేరు మార్చిన ఫైళ్ళు, వాటిలో పంచనామా, వారసుల జాబితా ఉంటాయి. పహాణీలో పేరు పక్కన "ఫౌతి" అని కనపడితే ఆ ఏటికి ఆ మనిషి లేడు అని అర్థం, పక్క ఏడాది పహాణీ తీస్తే కొడుకుల పేర్లు వస్తాయి. 1948కి ముందువి ఉర్దూలో ఉంటాయి, లెక్కలకి రాసే గుర్తులు కూడా వేరు, ఆ పాత చేతిరాత చదవగలిగిన పెద్దవాళ్ళు రోజురోజుకీ తగ్గిపోతున్నారు, మీ ఊరి వైపు అట్లాంటివాళ్ళు ఎవరైనా ఉంటే ఆలస్యం చేయకండి.

రెవెన్యూ రికార్డుల్లో రాసే సంవత్సరాన్ని ఫసలీ అంటారు, ఆ లెక్క రెండు వైపులా ఒకటే. రికార్డు మీద ఫసలీ అని ఉన్న అంకెకి 590 కలిపితే ఆ ఏడాది మొదలయ్యే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, 1364 ఫసలీ అంటే 1954-55, 1320 ఫసలీ అంటే 1910-11. భూమి లెక్క మాత్రం వేరు, ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు, తెలంగాణలో 40 గుంటలు. ఇది ఎందుకు చెప్తున్నానంటే విస్తీర్ణం కలిపి చూడటమే మీ చేతిలో ఉన్న గట్టి పరీక్ష. తాత పేరు మీద 6 ఎకరాలు ఒకే నంబర్లో ఉండి, తర్వాత అదే నంబరు మూడు ముక్కలై రెండేసి ఎకరాల చొప్పున ముగ్గురి పేర్లు వచ్చాయంటే వాళ్ళు అన్నదమ్ములు అయ్యే అవకాశం ఎక్కువ, తండ్రి పేరు కాలమ్ కూడా కలిస్తే ఖాయం. నాలుగో ముక్క ఒకటి ఉండి అది ఆడపేరు మీద ఉంటే చిన్నప్పుడే వితంతువైన కోడలో, ఇల్లరికం తెచ్చిన అల్లుడి భార్యో అయ్యుంటుంది, ఆ ఇంటికి వెళ్ళి అడగాలి. రికార్డు చూశాక మళ్ళీ ముసలివాళ్ళ దగ్గరికి రావడం తప్పదు, "ఫలానా పేరు మీద మన నంబర్లోనే రెండెకరాలు ఉంది, ఎవరాయన" అంటే, అప్పటిదాకా ఎవరికీ గుర్తులేని మనిషి ఒక్కసారిగా గుర్తొస్తాడు.

రికార్డులు తీయడానికి తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవచ్చు, కొన్ని మీసేవలో వస్తాయి, పాతవి కలెక్టరేట్ రికార్డు రూంలోనో సర్వే ఆఫీసులోనో ఉంటాయి. సమాచార హక్కు దరఖాస్తులో "మా వంశం వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఏమీ రాదు, ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబర్లు, ఫలానా ఏడాది ఖాస్రా లేదా ఆర్‌ఎస్‌ఆర్ నకలు అని రాయాలి. కరణాల వ్యవస్థ 1984లో పోయినప్పుడు అన్ని లెక్కలూ ఆఫీసుకి చేరలేదు, కొన్ని పాత కరణాల, పట్వారీల ఇళ్ళల్లోనే ఉండిపోయాయి, కాబట్టి ఆ కుటుంబం వాళ్ళని మర్యాదగా ఒకసారి అడగటంలో తప్పులేదు. ఇంకా వెనక్కి పోవాలంటే తార్నాకలో తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్ ఉంది, మద్రాసు ప్రెసిడెన్సీ నాటి రికార్డులకి చెన్నై ఎగ్మోర్‌లో తమిళనాడు ఆర్కైవ్స్ ఉంది. కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ 1800 ప్రాంతంలో రాయించిన ఊళ్ళ కైఫీయత్తులు (ఊరి చరిత్రలు) కూడా చూడండి, అందులో మామూలు రైతుల పేర్లు తక్కువే గానీ మీ ఊరు ఎప్పుడు కట్టారు, మొదట ఏ ఇళ్ళవాళ్ళు వచ్చారు, రెడ్డిరికం కరణీకం ఎవరిది అనేది కొన్ని ఊళ్ళకి ఉంటుంది.

వెళ్ళే ముందు మీ ఊరు ఏ కాలంలో ఏ జిల్లాలో ఏ తాలూకాలో ఉండేదో ఒక కాగితం మీద రాసుకోండి. ఒంగోలు వైపు ఊరు తీసుకుంటే 1904 దాకా నెల్లూరు జిల్లా, తర్వాత గుంటూరు జిల్లా, 1970 నుంచి ఇప్పటి ప్రకాశం జిల్లా. మండలాలు వచ్చింది 1985లో, అంతకుముందు తాలూకా, అందులో భాగంగా ఫిర్కా. తెలంగాణలో 2016లో, ఆంధ్రలో 2022లో మళ్ళీ జిల్లాలు మారాయి. ఇవి తెలీకుండా వెళ్తే "మా దగ్గర లేదు" అని పంపించేస్తారు, వాళ్ళ తప్పు కూడా కాదు అది.

మిగతావి త్వరగా చెప్పేస్తా. 1973 భూ సంస్కరణల చట్టం కింద ఎక్కువ భూమి ఉన్నవాళ్ళు 1975లో డిక్లరేషన్లు ఇచ్చారు, అందులో కుటుంబ సభ్యుల పేర్లు వయసులు ఉంటాయి. పాత మున్సిఫ్ కోర్టు భాగం దావాల తీర్పుల్లో వంశవృక్షం గీసి మరీ ఉంటుంది. ప్రాజెక్టుల్లో మునిగిన ఊళ్ళకి భూసేకరణ అవార్డులున్నాయి. స్కూలు అడ్మిషన్ రిజిస్టర్లో తండ్రి పేరు, ఊరు ఉంటాయి, పుట్టిన తేదీ మాత్రం నమ్మకండి, అయ్యవారు వేసిన తేదీ అది. క్రైస్తవ కుటుంబాలకి చర్చి బాప్తిస్మం రిజిస్టర్లు, ముస్లిం కుటుంబాలకి ఖాజీ దగ్గర నిఖా రిజిస్టర్లు. పొలాల్లో సమాధుల మీద రాతలు ఫోటో తీసుకోండి. జనాభా లెక్కల కోసం మాత్రం టైం వేస్ట్ చేయకండి, మనిషి వారీ వివరాలు చట్టప్రకారం ఎవరికీ ఇవ్వరు.

వంశరాజుల గురించి కాస్త ఆగి చెప్పాలి. పాతరోజుల్లో పిచ్చకుంట్ల వాళ్ళు అనేవారు, ఇప్పుడు వంశరాజ్ అంటున్నారు, అలా పిలవడమే మర్యాద. కాపు, రెడ్డి, కమ్మ, వెలమ ఇళ్ళకి గోత్రాలు, ఇంటిపేర్లు, ఎక్కణ్ణుంచి వచ్చారనేది నోటితో చెప్పడమే వాళ్ళ కులవృత్తి. వేరే వేరే కులాలకి ఇట్లా చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. మీ ఊరికి వచ్చే కుటుంబం ఏదో పెద్దవాళ్ళకి తెలుస్తుంది, వాళ్ళ పిల్లలు వేరే పనుల్లోకి వెళ్ళిపోయారు, ముసలివాళ్ళు ఉన్నప్పుడే కలవండి, వాళ్ళ టైంకి తగ్గట్టు డబ్బులివ్వండి, చెప్పింది మొత్తం రికార్డు చేసుకోండి. మూల పురుషుడి కథ వరకు అది పురాణంలా ఉంటుంది, చరిత్రగా తీసుకోకండి, కానీ ఊళ్ళ పేర్లు, ఏ కొమ్మ ఎటు వెళ్ళిందనేది చాలాసార్లు రికార్డులతో కలుస్తుంది. ఇంట్లో ఎవరైనా కాశీ గయ వెళ్ళి పిండాలు పెట్టి ఉంటే అక్కడి పండాల (కర్మలు చేయించే పురోహితుల) చిట్టా పుస్తకాల్లో కూడా పేర్లుండే అవకాశం ఉంది, ఏ పండా దగ్గర దిగారో తెలియాలి అంతే.

ఒక్కసారిగా రికార్డు ఆగిపోయి పైన ఎవరూ దొరక్కపోతే, కుటుంబం ఆ ఊరికి అప్పుడే వలసొచ్చిందేమో అనుకోండి. 1931లో నిజాంసాగర్ పూర్తయిన సమయంలో కోస్తా నుంచి నిజామాబాద్ వైపు, తర్వాత తుంగభద్ర కాలవల కింద కర్ణాటకలోని సింధనూరు గంగావతి క్యాంపులకి ఎంతమంది వెళ్ళారో అందరికీ తెలుసు. వలసొచ్చిన ఇంటికి పాత ఊళ్ళో కులదేవత ఉంటుంది, ఏళ్ళకోసారి వెళ్ళి మొక్కు తీర్చుకొస్తారు, ఆ గుడి ఏ ఊళ్ళో ఉందో కనుక్కుంటే పాత ఊరు దొరికినట్టే.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది. మీరు పాత పహాణీలు తీస్తున్నారని తెలిసిన మరుక్షణం దాయాదులకి అనుమానం వస్తుంది, వీడేదో భాగానికి వస్తున్నాడని. ఆ భయానికి వాళ్ళకి కారణాలున్నాయి, కోపం తెచ్చుకోకండి. మొదటి రోజే అందరికీ చెప్పండి, తీసిన ప్రతి నకలూ అందరికీ పంపండి, మీ దగ్గరే దాచుకోకండి. దత్తతలు, రెండో పెళ్ళిళ్ళు, ఇల్లు వదిలి వెళ్ళినవాళ్ళు, ఇవి బయటపడతాయి. బతికున్నవాళ్ళకి బాధ కలిగేది ఉంటే విడిగా రాసుకోండి, గ్రూపులో పెట్టకండి, కానీ వంశవృక్షంలోంచి మనిషిని తీసేయడం మాత్రం నాకు ఒప్పు కాదు.

రాసుకునేటప్పుడు ప్రతి మనిషికీ ఒక నంబరు ఇవ్వండి, ఎందుకంటే తాత పేరు మనవడికి పెట్టే అలవాటు వల్ల ఒకే వెంకటసుబ్బయ్య తరం విడిచి తరం వస్తూనే ఉంటాడు, పేరుని బట్టి పోతే ఇద్దర్ని ఒకర్ని చేసేస్తారు. పేరు పక్కన పెద్ద, చిన్న అని ఉంటే అది తీసేయకండి. ప్రతి బంధానికీ ఆధారం ఏంటో రాయండి, దస్తావేజా, పహాణీయా, ఎవరి మాటా అని. మాటకీ కాగితానికీ తేడా వస్తే కాగితమే రైటు అనుకోకండి, కరణం పేరు తప్పు రాసి ఉండొచ్చు, బతికున్న తమ్ముణ్ణి వదిలేసి అన్న పేరొక్కటే పట్టాలో వేయడం మామూలు, అన్నదమ్ములు కలిసున్నంత కాలం పెద్దవాడి పేరే నడిచేది.

ఆడవాళ్ళ పేర్లు భూమి రికార్డుల్లో దాదాపు ఉండవు. అందుకే వాళ్ళ కోసం విడిగా ఒక పుస్తకం పెట్టండి, ప్రతి తరంలో ఇంటికొచ్చిన కోడలి పేరు, పుట్టింటి ఊరు, పుట్టింటి ఇంటిపేరు, ఇంట్లోంచి వెళ్ళిన ఆడపిల్ల ఏ ఊరికి వెళ్ళింది. ముత్తవ్వ పేరు తెలియకపోతే ఆ గడి ఖాళీగా ఉంచండి గానీ "ఫలానా వారి భార్య" అని రాసి పూర్తయిందనుకోకండి. ఆవిడ పుట్టింటి ఊళ్ళో ఆవిడ అన్నదమ్ముల మనవలు ఉంటారు, వాళ్ళ ఇంట్లో ఆవిడ పేరు మీద ఎవరికో ఒకరికి పేరు పెట్టే ఉంటారు, వెళ్ళి అడగండి.